జగన్నాధం కార్డుల వెల

గజపతినగరం మెయిన్ రోడ్డులో భీమశంకరరావు కిరాణా కొట్టుకి వెళ్లినవాళ్లందరికీ జగన్నాధం తెలుసు. కాటా పక్కన ఎత్తుపీట మీద కూర్చుని పప్పులు, చక్కెర పొట్లాలు కట్టేవాడు. భీమశంకరరావుకి స్వయానా తమ్ముడు. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి కుడికాలు పుల్లలా మిగిలిపోయింది. పెళ్లి కాలేదు. జీతం లేదు. ఇంటిమనిషికి జీతమేమిటని అన్న అనేవాడు. ఆ ఇంటిమనిషి మాత్రం అందరూ తిన్నాక, వంటింటి గుమ్మం పక్కన కూర్చుని, మిగిలింది తినేవాడు. అలా నలభై నాలుగేళ్లు వచ్చాయి.

అతనికంటూ ఉన్న ఆస్తి ఒక బిస్కెట్ల రేకు డబ్బా. అందులో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు. ఎనభైల్లో బబుల్‌గమ్ పొట్లాల్లో ఒక్కొక్కటి చొప్పున వచ్చేవి. ఎండాకాలం గమ్ కరిగి కాగితానికి అంటుకుపోతే ఆ సరుకు అమ్ముడుపోయేది కాదు. తండ్రి ఆ పొట్లాలన్నీ చిన్నకొడుకు ఒళ్లో పోసేవాడు. దాంతో ఊళ్లో ఏ పిల్లాడి దగ్గరా లేనన్ని కార్డులు జగన్నాధం దగ్గర చేరాయి. ఆటకి అతన్ని ఎవరూ పిలిచేవారు కాదు. కార్డు మార్చుకోవాలంటే మాత్రం ఎంతటి మొనగాడైనా కొట్టు అరుగెక్కి, అతని ముందు గొంతుక్కూర్చోవలసిందే. అతని బతుకులో ఇతరులు అతన్ని బతిమాలుకున్న కాలం అదొక్కటే. కొందరు మాటల్లో పెట్టి కార్డులు నొక్కేసేవారు. అందుకని ప్రతి కార్డు వెనకా నీలం సిరాతో 'జ' అని రాసుకున్నాడు. తర్వాత ఆ పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లిళ్లు చేసుకుని, కొట్టుకొచ్చి కందిపప్పు అడగడం మొదలుపెట్టారు. డబ్బా అతని మంచం కిందకి చేరింది.

2015 వేసవిలో ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఒక స్కూటరు ఆగింది. వెనక్కి రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించి ఉన్నాయి. దాన్ని నడుపుతున్నవాడికి రెండు కాళ్లూ లేవు. అతను దిగకుండానే అర కిలో బెల్లం తీసుకుని, బొబ్బిలి వైపు దూసుకుపోయాడు. జగన్నాధం ఆ రోడ్డు వైపే చూస్తూ పొట్లానికి దారం చుట్టడం మరిచిపోయాడు.

ఆ సాయంత్రం అన్నని అడిగాడు.

"అన్నా, నాకలాంటి బండొకటి కొను."

భీమశంకరరావు డబ్బు గల్లాలో వేస్తూ తలెత్తలేదు. "ఎక్కడికెల్తావురా నువ్వు? కొట్టు ముందున్నాది, ఇల్లు ఎనకున్నాది. మజ్జిలో బండేటి?"

లోపలినుంచి వదిన రాధిక నవ్వింది. మూల మంచం మీద తల్లి బుజ్జమ్మ కూర్చుని ఉంది. పెద్దకొడుకు మాట్లాడేటప్పుడు ఆవిడ మాట్లాడదు.

కొట్లో పొట్లాలకి పాత పేపర్లు వాడతారు. కొన్నాళ్లకి ఒక ముక్కలో జగన్నాధానికి ఒక వార్త కనిపించింది. పాత ఆటగాళ్ల కార్డులు పెద్ద ఊళ్లలో వేలకి వేలు పలుకుతున్నాయట. ఆ ముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక డబ్బా సంచిలో పెట్టుకుని, ఎవరి చేతో పట్టుకుని బస్సెక్కి, విజయనగరం వెళ్లాడు.

గంటస్తంభం దగ్గర సందులో అప్పలసూరి అనే ముసలాయన పాత నాణేలు, స్టాంపులు, ఇలాంటి బొమ్మలు కొని అమ్ముతాడు. ఆయన కార్డులన్నీ గుడ్డ మీద పరిచి, అద్దం పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. 

"సెట్టు పూర్తిగా ఉన్నాది. మంచిదే," అన్నాడు అప్పలసూరి. "అలాగని ఏటి లాభం? మూలలు సూడు, అన్నీ అరిగిపోనాయి. రబ్బరు బేండు ఎట్టినచోట గాడి పడిపోనాది. కార్డుకి వెల బొమ్మని బట్టి రాదు బాబూ. కొత్తదిలాగ ఉంటేనే వెల." ఒకటి తిప్పి చూశాడు. మరొకటి తిప్పాడు. "ఈ 'జ' ఏటి?"

"నా పేరండి. ఎత్తుకుపోతారని రాసుకున్నాను."

"నీ సేత్తో నువ్వే పాడుసేసుకున్నావు. ఎవడూ ఎత్తుకుపోకుండా ఉండాలని రాసేవు. ఇప్పుడు ఎవడూ కొనడు కూడా." ఆయన గొంతులో వెటకారం లేదు, జాలీ లేదు. "మొత్తానికి అయిదొందలిస్తాను. ఇంకో షాపుంటే అడిగి సూసుకో. దీనికి మించి ఎవడైనా ఇస్తానన్నాడంటే, ఆడికి కార్డులు తెలీవనైనా అనుకో, ఆడు నిన్ను మోసం సేస్తన్నాడనైనా అనుకో."

జగన్నాధం కార్డులు మళ్లీ డబ్బాలో సర్దుకున్నాడు. అమ్మలేదు. తిరుగు బస్సులో ఎవరో కాలు తీసుకోమని కసిరితే, చేత్తో కాలు ఎత్తి పక్కకి పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే వదిన నిలదీసింది. కార్డులు అమ్మడానికి వెళ్లానన్నాడు. ధర ఎంతన్నారని అడిగితే, "కనుక్కుని సెప్తామన్నారు," అన్నాడు. అయిదొందలని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మాట రాధిక నోటినుంచి ఆమె తమ్ముడు ధనరాజ్‌కి చేరింది. ధనరాజ్ విజయనగరంలో స్థలాల దళారీ. వారానికోసారి అక్క ఇంటికి వస్తాడు. బావ వరసని జగన్నాధాన్ని ఏడిపించడం అతనికి కాలక్షేపం. బావమరిది సరసమాడితే కోపగించుకోకూడదని లోకం పెట్టిన నియమం ఒకటుంది కదా, దాని చాటున అతను ఏమైనా చేసేవాడు. ఓసారి చేతికర్ర అటక మీద దాచేసి, జగన్నాధం పాక్కుంటూ వెతుకుతుంటే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. ఏ పని పూర్తయినా "అద్గదీ" అని తొడ చరిచేవాడు. కార్డుల సంగతి విన్న రోజూ అన్నాడు.

నాలుగు రోజులకి జగన్నాధం సెల్‌కి తెలియని నంబరునుంచి ఫోనొచ్చింది. కొట్లో అన్న పక్కనే ఉన్నాడు. తనది బరంపురమని, పేరు విజయ్‌కుమార్ అని, పాత కార్డులు సేకరిస్తానని అవతలివాడు ఒడియా యాసలో చెప్పాడు. జగన్నాధం కార్డుల సంగతి విజయనగరంలో విన్నాడట. మొత్తానికి నాలుగు లక్షలు ఇస్తాడట.

ఆ గొంతు పక్కనే కూర్చున్న భీమశంకరరావుకి కూడా వినిపించింది. అతని చేతిలోని చిల్లర కాటాలో పడింది.

జగన్నాధం నెమ్మదిగా అడిగాడు. "మూలలు అరిగిపోయాయండి. పరవాలేదా?"

"పరవా లేదు, పరవా లేదు."

"వెనకాల సిరాతో పేరు రాసుంది."

"అదే కదా బాబూ అందం. అలాంటివే నాకు కావాలి. అద్గదీ."

జగన్నాధానికి అంతా అర్థమైంది. కార్డుల గురించి రవ్వంత తెలిసినవాడు అనే మాటలు కావవి. చివర పలికిన ఆ ఒక్క మాటా ఎవరిదో చెప్పక్కర్లేదు. ఫోను పెట్టేసి అన్న వైపు తిరిగాడు. ఇది ధనరాజ్ పరాచికమని చెప్పబోయాడు.

"కూర్చోరా, కూర్చో," అన్నాడు అన్న. "ఎండగా ఉన్నాది. ఆ పొట్లాలు నాను కడతాను."

ఆ మాట విని జగన్నాధం నోరు మూసుకున్నాడు.

ఆ రాత్రి రాధిక అందరితోపాటు అతనికీ విస్తరి వేసింది. అన్నంలో నెయ్యి పోసింది. ముక్క చూసి మరీ పులుసు వడ్డించింది. బుజ్జమ్మ "నా సిన్నోడి సెయ్యి మంచిదని నానెప్పుడో అన్నాను," అంది. ఆవిడ ఎప్పుడూ అనలేదు. జగన్నాధం తలవంచుకుని తిన్నాడు. రేపు చెప్పేద్దాం అనుకున్నాడు. మర్నాడు ఉదయం కాఫీ మంచం దగ్గరకే వచ్చింది. ఇంకొక్కరోజు పోనిద్దాం అనుకున్నాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అసలు సంగతి బయటపెట్టి అందరినీ నవ్వించాలని ధనరాజ్ అనుకున్నాడు. కాని ఈలోగానే భీమశంకరరావు తమ్ముడి ఫోన్లోంచి ఆ నంబరు రాసుకుని, గోడౌన్లోకి వెళ్లి, రహస్యంగా ఫోన్ చేశాడు. "ఆడికి లోకజ్ఞానం లేదండి. ఆడితో మాటాడకండి. సరుకు నాది, బేరం నాతో సెయ్యండి. మూడున్నరకైనా ఇచ్చేస్తాను," అన్నాడు. అవతల ధనరాజ్‌కి నవ్వు ఆగిపోయింది. సొంత తమ్ముడి నోటికాడ కూడు కాజేయబోతున్న బావకి, ఆ మాట విన్నది నేనేనని ఎలా చెబుతాడు? సరేనన్నాడు. తర్వాత ఆ ఫోను కట్టిపెట్టేశాడు. ఆదివారం భోజనానికీ రాలేదు.

ఆ సాయంత్రమే భీమశంకరరావు తమ్ముడి మంచం మీద వచ్చి కూర్చున్నాడు. అతను ఆ మంచం మీద కూర్చోవడం జగన్నాధానికి తెలిసి అదే మొదటిసారి.

"నువ్వు బండి అడిగేవు కదా. కొంటాను. ఆ డబ్బా నాకిచ్చీ. లెక్కకి లెక్క. బరంపురం, బేరాలు, అవన్నీ నీకెందుకు, ఆడు ఇస్తాడో ఇవ్వడో."

జగన్నాధం అన్న మొహంలోకి చూశాడు. నాలుగు లక్షలనుకుంటున్నదాన్ని బండితో కొట్టేయాలని చూస్తున్నాడు. వాటి వెల అయిదొందలేనని తను ఒక్క మాట అంటే అక్కడితో అయిపోతుంది. ఆ మాట అనకూడదని అప్పుడు నిశ్చయించుకున్నాడు.

"అమ్మేశాక మాట మార్చవు కదా అన్నా?"

"సింహాద్రి అప్పన్న మీద ఒట్టు."

"అయితే తీసుకో."

బండి వచ్చింది. విజయనగరంలో చినబాబు అనే మెకానిక్ పక్క చక్రాలు బిగించి, బ్రేకు చేతికి మార్చి, రెండు గంటలు దగ్గరుండి నేర్పాడు. కాగితాలు మాత్రం అన్న పేరు మీదే రాయించారు. "ఎవరి పేరైతే ఏటి, ఒక్కిల్లే కదా," అన్నాడు భీమశంకరరావు. జగన్నాధం అప్పుడు కాగితాల గురించి ఆలోచించే స్థితిలో లేడు.

ఆ కొద్దిరోజులే అతను నిజంగా బతికాడని చెప్పాలి. తెల్లవారకముందే బండి తీసి చంపావతి వంతెన మీదకి వెళ్లి ఆగేవాడు. రామతీర్థం వెళ్లాడు. మెట్లెక్కలేక కిందే కూర్చుని, వేరుశనక్కాయలు కొనుక్కు తిని వచ్చాడు. ఒకరోజు కారణమేమీ లేకుండా మానాపురం దాకా పోయాడు, వెనక్కి వచ్చాడు. ఎవరినీ చెయ్యి అడగలేదు. ఎవరూ కాలు తీసుకోమనలేదు. నలభై నాలుగేళ్ల మనిషి బండి మీద ఒంటరిగా పెద్దగా పాడుకుంటూ పోవడం చూసి, పొలాల్లో ఆడవాళ్లు ఊడ్పులాపి నవ్వుకున్నారు.

బరంపురం ఫోను ఎంతకీ కలవకపోయేసరికి భీమశంకరరావు డబ్బా పట్టుకుని విజయనగరం వెళ్లాడు. అడగ్గా అడగ్గా అప్పలసూరి షాపు చూపించారు. ముసలాయన మూత తియ్యగానే గుర్తుపట్టాడు.

"ఈ కార్డులా? కాలు బాగోని బాబు తెచ్చేడు. అయిదొందలని ఆయనకి అప్పుడే సెప్పేను కదా."

భీమశంకరరావు మధ్యాహ్నం ఇల్లు చేరాడు. చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి వచ్చాడు. జగన్నాధం బండి తుడుస్తున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

జగన్నాధం గుడ్డ పిండి తీగ మీద ఆరేశాడు. "తెలుసు."

"తెలిసి నాకు అంటగట్టేవా? తోడబుట్టినోడిని మోసం సేస్తావా?"

"నాలుగు లక్షల సరుకని నువ్వు అనుకున్నావు కదన్నా. అనుకునే కదా బండికి అడిగేవు. మోసం నువ్వు మొదలెట్టేవు. నాను ఊరుకున్నానంతే." కాస్త ఆగి అన్నాడు. "ఆ ఫోను సేసింది ధనరాజ్."

వంటింటి గుమ్మంలో రాధిక గట్టిగా అంది, "మా తమ్ముడి మీదకి తోసీకండి. ఆడు సేసినా సరసానికి సేసుంటాడు."

భీమశంకరరావు భార్య వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. గోడౌన్లోంచి తాను ఫోన్లో అన్న మాటలు విన్నదెవరో అప్పుడు తెలిసింది అతనికి. మొహం నల్లబడింది. ఆ కోపం ధనరాజ్ మీద చూపిస్తే అత్తవారి ఊరంతా నవ్వుతుంది. తమ్ముడి మీద చూపిస్తే అడిగేవాడు లేడు.

పెరట్లో నీళ్లకాగు కింద పొయ్యి మండుతోంది. డబ్బా తెచ్చి జగన్నాధం ముందు పెట్టాడు. "వెయ్యి."

"అన్నా."

"నీ సేత్తో వెయ్యి. లేదా ఈ పూటే ఇంట్లోంచి నడు."

జగన్నాధం తల్లి వైపు చూశాడు. బుజ్జమ్మ అరుగు మీదే ఉంది. "అన్న మాట ఇనీరా నాయనా. కాగితాలే కదా. పెద్దోడికి కోపం తెప్పించకు," అంది.

పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్కటే వేశాడు. గుప్పెడు ఒకేసారి వెయ్యబోతే అన్న ఒప్పుకోలేదు. అట్టముక్క ముందు వంకర తిరిగేది, తర్వాత రంగు బుడగలెత్తేది, చివర మంట అందుకునేది. బ్యాటు పట్టుకున్నవాళ్లూ, బంతి విసురుతున్నవాళ్లూ కాలిపోతుంటే అతని పెదవులు కదులుతున్నాయి. వాళ్ల పేర్లు చెబుతున్నాడని దగ్గరగా ఉన్న తల్లికి మాత్రం వినిపించింది. పని పూర్తయ్యాక రాధిక ఆ కాగులోంచే నీళ్లు తోడి భర్తకి స్నానానికి పెట్టింది.

మర్నాడు ధనరాజ్ వచ్చాడు. బావని గోడౌన్లోకి తీసుకెళ్లి కాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఎవరూ వినలేదు. బయటికి వచ్చాక "ఈ సంగతి బజార్లో పొక్కనివ్వను బావా, నాది పూచీ," అనడం మాత్రం కొట్లో అందరూ విన్నారు. భీమశంకరరావు బండి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. ధనరాజ్ ఎక్కి కూర్చుని, పక్క చక్రాల వైపు చూసి, "ఈ బొమ్మలాటేటి, ఊడగొట్టించీస్తాను," అన్నాడు. కొట్లో సరుకు కొంటున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. జగన్నాధం పప్పు తూస్తున్నాడు. తూకం సరిగ్గానే వేశాడు.

ఆ వారంలోనే అతన్ని కొట్టు ముందునుంచి తీసి, గోడౌన్లో మిరపకాయలు తొడిమలు తీసే పనికి పెట్టారు. ఆ ఘాటుకి రాత్రుళ్లు దగ్గు వచ్చేది. ఆ దగ్గుకి తనకి నిద్ర పట్టట్లేదని వదిన అతని మంచం కూడా గోడౌన్లోకి మార్పించింది. అక్కడ రెండు నెలలున్నాడు. ఒకరోజు సంచిలో బట్టలు పెట్టుకుని తల్లి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నానెల్తన్నాను."

బుజ్జమ్మ అడిగింది, "మరి నా బీపీ మాత్రలు ఎవలు తెస్తారురా?"

చినబాబు షెడ్డులో పని దొరికింది. ఆ రోజు బండి నేర్పుతున్నప్పుడు అతని సంబరం చూసినవాడు చినబాబు. పక్క చక్రాలు ఊడగొట్టించడానికి ధనరాజ్ బండి తెచ్చింది కూడా ఆ షెడ్డుకే. కాబట్టి వేరే కథ చెప్పవలసిన పని లేకపోయింది. షెడ్డు వెనక రేకుల గదిలో పడక. పగలు స్పేర్‌పార్టుల కౌంటరు. కాళ్లు లేనివాళ్లో, కాలు సరిగా లేనివాళ్లో కొత్తగా బండి చేయించుకోవడానికి వస్తే, మొదట జగన్నాధం ఎక్కి రోడ్డు చివరిదాకా నడిపి చూపిస్తాడు. దిగొచ్చాక వాళ్లని అడిగే మొదటి ప్రశ్న, బండి ఎవరి పేరు మీద కొన్నారని. అన్నయ్య పేరు మీదనో, బావ పేరు మీదనో అంటే, ముందెళ్లి అది మార్పించుకురమ్మంటాడు. కొందరికి కోపమొచ్చి వెళ్లిపోయేవారు. బేరాలు పోతున్నాయని చినబాబు విసుక్కునేవాడు. అయినా మానలేదు.

2019లో భీమశంకరరావు షెడ్డుకి వచ్చాడు. మెయిన్ రోడ్డు స్థలాలకి ధర పెరిగింది. ఎవరో వ్యాపారి కొట్టూ ఇల్లూ కలిపి కొంటానన్నాడు. అవి చనిపోయిన తండ్రి పేరు మీద ఉన్నాయి. చిన్నకొడుకు సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ కాదు.

"సంతకం ఎట్టీరా. నీకేదో సేతిలో ఎడతాను," అన్నాడు నూనె మరకలు అంటకుండా పంచె ఎత్తి పట్టుకుని.

"ముందు విలువ కట్టించు," అన్నాడు జగన్నాధం.

"అన్న మీద నమ్మకం లేదేటి?"

 జగన్నాధం కౌంటరు దగ్గరున్న మనిషికి కావలసిన బోల్టులు ఏరి ఇచ్చాడు. భీమశంకరరావు ఎండలో ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

విలువ కట్టించక తప్పలేదు. న్యాయంగా అయితే తల్లికీ, ఇద్దరు కొడుకులకీ తలా ఒక వాటా. బుజ్జమ్మ తన వాటా పెద్దకొడుకు పేర రాసేసింది. రిజిస్ట్రారు ఆఫీసులో కాగితాల మీద వేలిముద్ర వేసేటప్పుడు జగన్నాధం ఎదురుగానే ఉన్నాడు. మాత్రలు తెచ్చానమ్మా అని ఒక పొట్లం చేతికివ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

"తోడబుట్టినోడిని రోడ్డుకీడ్సేవు," అంది.

పొట్లం ఆవిడ పక్కన బల్ల మీద పెట్టి, బయటికొచ్చి, తన వాటాకి ముందుగా వచ్చిన అడ్వాన్సు డబ్బుతో, తన పేరు మీద కొనుక్కున్న బండెక్కి షెడ్డుకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం రిజిస్ట్రారు ఆఫీసు ఊడ్చే మనిషి, ఆ మాత్రలు ఎవరివో తెలియక, చెత్తబుట్టలో వేసింది.